ఎడమ ముక్కు పెండింగ్

తుమ్మగెడ్డ పురపాలక సంఘంలో కుళాయి నీటికి వాసన ఉందో లేదో తేల్చే అధికారం ఒకే ముక్కుకు ఉంది. ఆ ముక్కు అసిస్టెంట్ ఇంజనీరు లోకనాథానిది. నీటి సీసాను జిల్లా ల్యాబుకు పంపాలంటే ముందు ఇంజనీరు వాసన చూసి, ఫారంలో "ఉన్నది" అని రాసి సంతకం పెట్టాలి. "లేదు" అని రాస్తే సీసా అక్కడే ఆగిపోతుంది. ఈ నిబంధన వచ్చి పంతొమ్మిదేళ్లయింది. ల్యాబు మీద భారం తగ్గించడానికి దీన్ని పెట్టారు. తగ్గింది. పంతొమ్మిదేళ్లలో తుమ్మగెడ్డ నుంచి రెండు సీసాలు ల్యాబుకు బయల్దేరాయి. ఒకటి దారిలో పగిలింది.

జనవరి రెండో వారంలో లోకనాథం కంచరవీధికి వెళ్లాడు. ఆ వీధిలో ఎనభై ఆరు ఇళ్లు. అన్నిళ్లలోనూ ఇత్తడి పని. వీధి మొత్తానికి ఒకటే కుళాయి. డిసెంబరులో మురుగుకాలువ తవ్వినప్పటి నుంచి ఆ కుళాయి నీళ్లు కంపు కొడుతున్నాయి. అర్జీ పెట్టింది ఇప్పిలి తవిటమ్మ. ఆమె కోడలు హైమకు ఏడో నెల. ఆ నీళ్లు తాగి హైమ రెండుసార్లు ఆసుపత్రిలో చేరి సెలైను ఎక్కించుకుంది. మూడోసారి వస్తే తల్లికీ బిడ్డకీ తాను పూచీ పడలేనని డాక్టరమ్మ చెప్పేసింది. ఆ రోజు నుంచి తవిటమ్మ రైల్వే గేటు అవతలి బోరింగు దగ్గర రెండు బిందెలు పట్టుకుని నడిచి వస్తోంది. దూరం కిలోమీటరున్నర. ఆమె వయసు యాభై ఎనిమిది.

లోకనాథం గాజు గ్లాసులో నీళ్లు పట్టాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తుమ్మాడు. రుమాలుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. మళ్లీ తుమ్మాడు.

"వాసన లేదు," అన్నాడు.

"బాబూ, తమకి పడిశం పట్టినాది," అంది తవిటమ్మ. "పడిశం ఉన్నోళ్లకి కంపేటి తెలుస్తాదండి?"

"నాకు జలుబుందా లేదా అన్న కాలమ్ ఈ ఫారంలో లేదమ్మా. నీటికి వాసనుందా లేదా అన్నదే ఉంది."

"ఒక్క పాలి కళ్లు మూసుకోండి."

లోకనాథం ఎందుకో మూసుకున్నాడు. తవిటమ్మ పక్కింటి నుంచి ఎండుచేప తెప్పించి ఆయన ముక్కు కింద పెట్టింది.

"ఏటిది సెప్పండి?"

లోకనాథం లోపలికి పీల్చాడు. ఆలోచించాడు. "విభూది," అన్నాడు.

వీధిలో నవ్వని వాళ్లు లేరు. లోకనాథం కళ్లు తెరిచి చేపను చూశాడు. ఫారం తీసి "లేదు" అని రాశాడు. సంతకం కింద గీత కూడా గీశాడు.

సోమవారం అర్జీల రోజు. కమిషనర్ చిదంబరేశ్వరరావు పది రోజుల యోగ శిబిరం ముగించుకుని ముందు రోజే ఊళ్లో దిగారు. శిబిరంలో ఆయన రెండు విషయాలు తెలుసుకున్నారు. ఒకటి, కుడి ముక్కులో పోసిన ఉప్పునీరు ఎడమ ముక్కులోంచి బయటకు వస్తుంది. దీన్ని జలనేతి అంటారు. రెండు, పాలనలో జాప్యానికి కారణం మెడకు పైభాగంలో ఉంటుంది. రెండో విషయం గురువుగారు చెప్పలేదు. కమిషనర్ సొంతంగా కనుక్కున్నారు.

"ఏం కావాలమ్మా?" అని అడిగారు.

"ముక్కు బాగున్న ఇంజినీరు కావాల బాబూ."

కమిషనర్ కలం కింద పెట్టారు. ఇరవై రెండేళ్ల సర్వీసులో రోడ్డు అడిగినవాళ్లున్నారు, పింఛను అడిగినవాళ్లున్నారు. ముక్కు అడిగిన అర్జీదారు లేరు. తవిటమ్మ ఎండుచేప సంగతి చెప్పింది. కమిషనర్ లోకనాథాన్ని పిలిపించారు.

"చేపను విభూది అన్నారా?"

"అన్నాను సార్. అయితే అది నీటి నమూనా కాదు సార్. ఫారంలో చేపకు కాలమ్ లేదు."

"ముక్కు మూసుకుపోయిన స్థితిలో మీరు నివేదిక ఇచ్చారు. కళ్లకు గంతలు కట్టుకుని కొలతలు తీసినట్టు కాదా?"

లోకనాథం నోరు తెరిచాడు. మాట్లాడబోయి తుమ్మాడు.

"బాబూ," అంది తవిటమ్మ, "కుళాయి కాడ గొయ్యి తవ్వించండి. గొట్టం పగిలిందో నేదో గంటలో తేలిపోతాది. నా కోడలికి నెలలు నిండుతున్నాయి."

"గొయ్యి తరువాతమ్మా. ముందు ముక్కు."

బుధవారం ఉత్తర్వు వెలువడింది. "విషయం: పురపాలక సిబ్బంది నాసికా మార్గముల శుద్ధి – జలనేతి క్రియ అమలు – ఉత్తర్వులు జారీ చేయడమైనది" అని దాని తల. లోపల ఇలా ఉంది: "వాసన పరీక్ష నిర్వహించు అధికారి యొక్క నాసికా రంధ్రములు రెండును ధారాళముగా ఉండవలెను. అశుద్ధ నాసికచే సమర్పించబడిన నివేదిక చెల్లనేరదు. కంచరవీధి నివేదిక ఇందుమూలముగా రద్దు పరచడమైనది. సదరు అధికారి శుద్ధి పొందిన పిమ్మట తిరిగి పరీక్షించవలెను."

ఆ కాగితం తవిటమ్మ చేతికిచ్చింది సీనియర్ అసిస్టెంట్ జోగారావు.

"గొయ్యి ఎప్పుడు తవ్వుతారు నాయనా?"

"నువ్వు గెలిచీసినావమ్మా," అన్నాడు జోగారావు. "గెలిచినోళ్లు ఇంటికెల్లిపోవాలి."

జలనేతికి కొమ్ముచెంబులు కావాలి. పక్కన చిన్న గొట్టంలా కొమ్ము ఉంటుంది, దాన్ని ముక్కులో ఆనించి నీళ్లు పోసుకుంటారు. నూట నలభై చెంబులకు జోగారావు ఆర్డరు రాశాడు. ఇత్తడి సామాను కాబట్టి ఆర్డరు కంచరవీధికే వెళ్లింది. తవిటమ్మ పెనిమిటి కూర్మయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఆఫీసుకు వచ్చాడు.

"కొమ్ము పొడుగు మూడంగుళాలని రాసినారు. చెంబుకి ఎంత నీరు పట్టాలో రాయనేదు బాబూ."

జోగారావు ఫైలు తీశాడు. "పాత్ర సామర్థ్యం" అన్న చోట ఖాళీ ఉంది. దాని కింద కమిషనర్ సంతకం ఉంది. సంతకమైన కాగితంలో ఖాళీ నింపాలంటే ఫైలు మళ్లీ ఏడు టేబుళ్లు తిరగాలి.

"రాయలేదంటే ఎంతైనా ఫర్వాలేదని అర్థం," అన్నాడు. "కొమ్ముంటే చాలు."

కూర్మయ్య తల ఊపి వెళ్లిపోయాడు. ఈ మాట ఆయన మరిచిపోలేదు.

ఫిబ్రవరి మొదటి సోమవారం ఉదయం తొమ్మిదింటికి ఆఫీసు ఆవరణలో జలనేతి మొదలైంది. యోగాచార్య ప్రణవానందం అనే ఆయన్ని నాసికా సలహాదారుగా నియమించారు. నూట నలభై మంది నాలుగు వరసల్లో నిలబడి తలలు ఎడమకు వంచారు.

"నోటితో గాలి పీల్చండి. నవ్వవద్దు. మాట్లాడవద్దు," అన్నాడు ప్రణవానందం.

పన్నుల విభాగంలో ఒకాయన "ఉప్పు ఎక్కువైంది" అన్నాడు. నీళ్లు గొంతులోకి వెళ్లాయి. ఆయన దగ్గు చూసి ముందున్న ఇద్దరు నవ్వారు. వాళ్ల నీళ్లూ గొంతుల్లోకే వెళ్లాయి. ఆ రోజు పన్నుల విభాగం మధ్యాహ్నం దాకా తెరుచుకోలేదు. ముక్కుల్లోంచి నీరు ధార కట్టిన వాళ్లకు ధ్రువపత్రాలిచ్చారు. అందులో కుడికి ఒక గడి, ఎడమకు ఒక గడి.

లోకనాథం వంతు వచ్చింది. కుడి ముక్కులో కొమ్ము ఆనించి చెంబు ఎత్తాడు. నీళ్లు లోపలికి వెళ్లాయి. ఎడమ ముక్కులోంచి ఏమీ రాలేదు. ప్రణవానందం ఒక నిమిషం ఆగాడు.

"నీరు ఎక్కడికి వెళ్లింది?"

"తెలియదు సార్."

ఎడమ ముక్కులో పోయించారు. పోసిన నీళ్లు పోసినట్టే చొక్కా మీదికి వచ్చాయి. ధ్రువపత్రంలో "కుడి: ఆమోదం. ఎడమ: పెండింగ్" అని రాశారు. లోకనాథం చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లి చీటీ తెచ్చాడు. తొమ్మిదో తరగతిలో క్రికెట్ బంతి తగిలి ముక్కు మధ్య ఎముక ఎడమవైపుకు ఒరిగిందని, దానివల్ల ఎడమ దారి మూసుకుపోయిందని అందులో ఉంది.

కమిషనర్ ఆ చీటీ రెండుసార్లు చదివారు.

"అంటే ఎముక తన హద్దు దాటి మార్గంలోకి వచ్చింది. ఇది ఆక్రమణ," అన్నారు. "పట్టణ ప్రణాళిక విభాగానికి పంపండి."

పట్టణ ప్రణాళిక విభాగం తన పని తాను చేసింది. ఎడమ నాసికా మార్గంలోని ఆక్రమణను ఏడు రోజుల్లో స్వచ్ఛందంగా తొలగించుకోవాలని, లేని పక్షంలో పురపాలక సంఘమే తొలగించి ఖర్చులు వసూలు చేస్తుందని లోకనాథానికి నోటీసు ఇచ్చింది. ఆయన ఇంట్లో లేకపోవడంతో నోటీసును తలుపుకు అంటించారు. లోకనాథం వారం రోజులు సెలవు పెట్టాడు. ఎక్కడ చూసినా ప్రణాళిక విభాగం వాళ్ల చేతిలో గునపం ఉన్నట్టు అనిపించిందని తరువాత జోగారావుతో అన్నాడు.

హైమకు ఎనిమిదో నెల వచ్చింది. తవిటమ్మ మళ్లీ సోమవారం ఆఫీసుకు వచ్చింది.

"మీ ఇంజినీరు ముక్కు ఎంత దాకా వొచ్చింది బాబూ?"

"సగం దాకా వచ్చింది," అన్నారు కమిషనర్. "ఈలోగా ఇంకో సంగతి. అధికారి ముక్కును పరీక్షించాం. అర్జీదారు ముక్కును పరీక్షించకపోతే సహజ న్యాయానికి విరుద్ధం. లేని వాసన మీకు వస్తోందేమో కదా?"

"నా ముక్కుకేటయినాది?"

"అదే తేల్చాలి."

ప్రణవానందం చెంబు తెచ్చి ఇచ్చాడు. తవిటమ్మ దాని అడుగు చూసింది. "ఇది మా ఇంటాయన సేసిందే," అంది. తల వంచి కొమ్ము ఆనించింది. నాలుగు సెకన్లలో అవతలి వైపు ధార మొదలైంది. రెండో వైపు మూడు సెకన్లు. ప్రణవానందం చేతి గడియారం చెవి దగ్గర పెట్టుకుని ఆడుతోందో లేదో చూసుకున్నాడు.

"ఇంతకు ముందు సాధన చేశారా తల్లీ?"

"సాధనేటండి? కొలిమి కాడ కూకుంటే ముక్కు నిండా మసి. రోజూ గెడ్డలో మునిగి చీదీడమే."

తవిటమ్మకు రెండు గడుల్లోనూ "ఆమోదం" పడింది. తుమ్మగెడ్డలో ప్రథమ శ్రేణి ముక్కు ఆమె ఒక్కరిదే. ఆ ముక్కుతో చూసి చెబితే చాలదా అని ఆమె అడిగింది. అర్జీదారు నివేదిక ఇవ్వకూడదని, అర్జీ మాత్రమే ఇవ్వాలని జోగారావు చెప్పాడు.

"అయితే నా అర్జీ ఇనండి."

ఆ మాట కమిషనర్‌ను ఆలోచనలో పడేసింది. వినాలంటే చెవులు శుభ్రంగా ఉండాలి. శిబిరంలో ఏడో రోజు పాఠం అదే. శుక్రవారం రెండో ఉత్తర్వు వచ్చింది. అర్జీలు వినే అధికారులందరూ నువ్వుల నూనెతో కర్ణశుద్ధి చేసుకోవాలి. ఒక్కో చెవికి ఇరవై నిమిషాలు. ఆఫీసు పని వేళలు వృథా కాకుండా అర్జీలు వినే సమయంలోనే ఇది జరగాలి. ఒక చెవిలో నూనె ఉన్నప్పుడు రెండో చెవితో వినవచ్చని మొదట అనుకున్నారు. సలహాదారు ఒప్పుకోలేదు. శుద్ధ కర్ణంలోంచి ఒక మాట, అశుద్ధ కర్ణంలోంచి ఒక మాట చేరితే నిర్ణయం కలుషితమవుతుందన్నాడు. అందుకని నూనె లేని చెవిలో దూది పెట్టారు.

ఆ సోమవారం హాల్లో ఆరుగురు అధికారులు బల్ల మీద తలలు పక్కకు వాల్చి ఉన్నారు. తవిటమ్మ ముందుకు వచ్చింది.

"బాబూ, రోజుకి రెండు బిందెలు మోస్తున్నాను. మోకాలు వాచిపోయినాది. కోడలు ఆ నీరే దాసుకుని దాసుకుని తాగతంది. గొయ్యి తవ్వించండి బాబూ."

కమిషనర్ చేత్తో కొనసాగించమని సైగ చేశారు.

తవిటమ్మ ఆరుగురి మొహాలూ చూసింది. గొంతు మార్చలేదు.

"ఆఫీసుకి నిప్పంటుకున్నాది బాబూ. ఎనకనుండి మొదలైనాది."

"పరిశీలిస్తాం," అన్నారు కమిషనర్.

"మీ జీపు గెడ్డలో పడిపోయినాది."

"తప్పకుండా."

గుమ్మం దగ్గర నిలబడ్డ జోగారావు నోటికి రిజిస్టరు అడ్డం పెట్టుకున్నాడు. అతని చెవుల్లో నూనె లేదు. అర్జీలు వినే హోదా అతనికి లేదు. బయటకు వచ్చాక తవిటమ్మతో, "పెద్దమ్మా, అక్కడ ఇనీవోడిని నేనొక్కడినే. నా చేతిలో ఏటీ నేదు," అన్నాడు.

"నీ చేతిలో ఉన్నదాన్నే అడుగుతున్నాను. ఆ కమిషనర్ బాబుని ఓ పాలి మా ఈదికి తీసుకొచ్చీ. నీకు దండం పెడతాను."

జోగారావు మర్నాడు ఒక నోట్ పెట్టాడు. ఇంజనీరు ముక్కు సగమే పనిచేస్తున్నందున, పై అధికారి ముక్కును వినియోగించవచ్చునా అని. కమిషనర్‌కు ఆ నోట్ నచ్చింది. ప్రతిభను గుర్తించారని అనుకున్నారు.

ఫిబ్రవరి ఇరవై ఏడున కమిషనర్ కంచరవీధికి వచ్చారు. వెంట ప్రణవానందం, జోగారావు, లోకనాథం. ముక్కు శుద్ధి పరీక్షా స్థలంలోనే జరగాలని నియమం. ఆఫీసు నుంచి క్యానులో నీళ్లు తెచ్చారు. కమిషనర్ వద్దన్నారు.

"ప్రజలు వాడే నీటినే అధికారి వాడాలి. అది నా సిద్ధాంతం."

"బాబూ, ఆ నీరొద్దు," అంది తవిటమ్మ. "సెప్పిన మాట ఇనండి. చేతులు కడుక్కోడానికే మేం జంకుతున్నాం."

"అమ్మా, ఇంకా నివేదిక రాలేదు. నివేదిక రానంతవరకు ఈ నీరు మంచిదే."

హైమ గుమ్మంలో ముక్కాలిపీట మీద కూర్చుని చూస్తోంది. కూర్మయ్య నీళ్లు వెచ్చబెట్టి ఉప్పు కలిపి ఇచ్చాడు. ఇస్తూ మొహం అటు తిప్పుకున్నాడు. కమిషనర్ తల వంచి కుడి ముక్కులో పోసుకున్నారు. ధార ఎడమ ముక్కులోంచి వచ్చింది. అందులో ఏ లోపమూ లేదు.

తరువాత ఆరు నిమిషాలు ఆయన రెండు చేతులతో కుళాయి దిమ్మ పట్టుకుని నిలబడ్డారు. కళ్లలోంచి నీళ్లు కారాయి. కాస్త తేరుకున్నాక తన రుమాలు వాసన చూశారు. తన మణికట్టు వాసన చూశారు. జేబులోంచి అగరుబత్తి కట్ట తీసి వాసన చూశారు. ప్రణవానందం భుజం దగ్గరికి వెళ్లి ఆయన్నీ వాసన చూశారు. అన్నిటికీ ఒకటే వాసన.

"ఉంది," అన్నారు.

వీధి వీధంతా చప్పట్లు కొట్టింది. తవిటమ్మ దండం పెట్టింది. జోగారావు ఫారం తీసి కలం మూత విప్పాడు.

"'ఉన్నది' అని రాసీమంటారా సార్?"

కమిషనర్ చెయ్యి ఎత్తారు. ఆయనకు సందేహం వచ్చింది.

"ఆచార్యా, ఈ నీటితో కడిగిన ముక్కు శుద్ధమైన ముక్కేనా?"

"శాస్త్ర ప్రకారం కాదు. ఇంతకు ముందు కన్నా అశుద్ధం."

"అయితే నా నివేదిక?"

"అశుద్ధ నాసికచే సమర్పించబడిన నివేదిక చెల్లనేరదు," అన్నాడు లోకనాథం. ఉత్తర్వులోని ఆ వాక్యం ఆయనకు కంఠతా వచ్చు. నెల రోజులుగా దాని కిందే బతుకుతున్నాడు.

కమిషనర్ తల ఊపారు. నీరు శుద్ధమైతే తప్ప ముక్కు శుద్ధం కాదు. ముక్కు శుద్ధమైతే తప్ప నీరు అశుద్ధమని చెప్పడానికి లేదు. ఆయన ఫారం మడిచి జేబులో పెట్టుకున్నారు. తవిటమ్మ కుళాయి పక్కన అరుగు మీద కూలబడింది.

"నీరు బాగుంటేగానీ బాగోనేదని రాయడానికి కుదరదు. అంతేగదా బాబూ?"

"సరిగ్గా చెప్పారమ్మా," అన్నారు కమిషనర్. "మీరు త్వరగా గ్రహిస్తారు."

కమిషనర్ నాలుగు రోజులు మందులు వాడారు. అయిదో రోజు మూడో ఉత్తర్వు ఇచ్చారు. కంచరవీధిలో ముక్కులు కడుక్కోవడానికి ట్యాంకు నుంచి నేరుగా ప్రత్యేక గొట్టం వేయాలి. పని అత్యవసరం. టెండరు అవసరం లేదు. ఆ వీధి తాగునీటి గొట్టం మార్చమన్న వినతి పదకొండేళ్లుగా పరిశీలనలో ఉంది. ముక్కు గొట్టం పదకొండు రోజుల్లో వచ్చింది.

తవ్వుతున్నప్పుడు పాత గొట్టం బయటపడింది. మురుగుకాలువ పక్కన దాని జాయింటు విడిపోయి ఉంది. మేస్త్రీ లోకనాథాన్ని పిలిచి చూపించాడు.

"సార్, ఇదిగో. ఓ గంట పని. బిగించీమంటారా?"

లోకనాథం గోతిలోకి వంగి చూశాడు. "ఇది ముక్కు లైను పని. అది తాగునీటి లైను. దానిది వేరే ఫైలు," అన్నాడు. "పూడ్చెయ్యి."

పూడ్చేశారు.

మార్చి పద్నాలుగున కుళాయి మొదలైంది. పాత కుళాయికి నాలుగు అడుగుల దూరంలో దిమ్మ కట్టి, పక్కన బోర్డు పెట్టారు. "నాసికా జలం. ముక్కుకు మాత్రమే. తాగుట, వండుట నిషేధము. కొమ్ము గల పాత్రలకే నీరు ఇవ్వబడును." బోర్డు పక్కన కుర్చీ వేసి జోగారావును కూర్చోబెట్టారు. అతని ముందు రిజిస్టరు. పేరు, పాత్ర, ఏ ముక్కు, సంతకం.

మొదటి రోజు తవిటమ్మ ఒక్కతే వచ్చింది. చిన్న కొమ్ముచెంబులో నీళ్లు పట్టుకుంది. పక్కకు వెళ్లి వాసన చూసింది. నాలుక మీద ఒక చుక్క వేసుకుంది. జోగారావు బోర్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. తవిటమ్మ ఇంట్లోకి వెళ్లింది. ఆ మధ్యాహ్నం కంచరవీధిలో అన్ని కొలుములూ వెలిగాయి.

మర్నాడు ఉదయం ఆరింటికి కుళాయి దగ్గర బారు కట్టింది. తవిటమ్మ ముందుంది. ఆమె చంకలో ఇత్తడి బిందె. పదహారు లీటర్లది. దాని పక్కన కొత్తగా అతికిన కొమ్ము. పొడవు మూడంగుళాలు.

జోగారావు బిందెను చుట్టూ తిరిగి చూశాడు.

"ఏటిది పెద్దమ్మా?"

"కొమ్ముచెంబు."

"ఇది బిందె."

"కొమ్ముంటే చాలని నువ్వే సెప్పినావట గదా మా ఇంటాయనకి. కొలుసుకో. మూడంగుళాలు."

జోగారావు స్కేలు తీసి కొలిచాడు. మూడంగుళాలుంది. ఆర్డరు కాగితం తెప్పించి చూశాడు. సామర్థ్యం దగ్గర ఖాళీ ఖాళీగానే ఉంది.

"ఒక్క ముక్కుకి పదహారు లీటర్లా?"

"మా ఇంట్లో ముగ్గురం ఉన్నాం. ఒకలు ఒట్టి మనిషి కాదు, ఆ లోపలున్నదానికీ ఓ ముక్కుంటాది. ఎనిమిది రంధ్రాలు. రంధ్రానికి రెండు లీటర్లు. ఎక్కువేటి?"

వెనక బారులో ఎవరో "మా ఇంట్లో పన్నెండు రంధ్రాలు జోగారావుగారూ, వేగిరం కానీండి" అన్నారు. ఇంకెవరో గంగాళానికి కొమ్ము అతికించి ఇద్దరి చేత మోయించుకు వచ్చారు. జోగారావు ఆ రోజు ఎనభై ఆరు పేర్లు రాశాడు. సాయంత్రం తన ఇంటికి వెళ్లేటప్పుడు కూర్మయ్య దగ్గర తన బిందెకు కూడా ఒక కొమ్ము పెట్టించుకున్నాడు. అతని వీధిలో కూడా నీళ్లు వాసన వేస్తాయి.

ఏప్రిల్ రెండున హైమకు ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు. తల్లీ బిడ్డా క్షేమం. హైమ మూడోసారి సెలైను ఎక్కించుకోలేదు.

ఏప్రిల్ నెలాఖరుకు కమిషనర్ రాజధానికి నివేదిక పంపారు. కంచరవీధి ప్రజలు రోజుకు తలకు ఇరవై లీటర్ల చొప్పున ముక్కులు కడుగుతున్నారు. నాసికా జలం మొదలైనప్పటి నుంచి నీటి వాసన గురించి ఆ వీధి నుంచి ఒక్క ఫిర్యాదు లేదు. దీన్ని బట్టి లోపం నీటిలో గాక నాసికలలోనే ఉండెనని రుజువగుచున్నది. ఇందులో ప్రతి అంకె నిజమే.

మే నెలలో రాజధాని నుంచి పరిశీలన బృందం వచ్చింది. డైరెక్టరు వసుంధరాదేవి, ఇద్దరు సభ్యులు. ఎండ నలభై రెండు డిగ్రీలు. కమిషనర్ వాళ్లను నేరుగా తవిటమ్మ ఇంటికి తీసుకువెళ్లారు.

తవిటమ్మ పెరట్లో కాళ్లు చాపుకుని కూర్చుని మనవరాలికి నీళ్లు పోస్తోంది. కొమ్ము బిందెలోంచి ధార సన్నగా పడుతోంది. ఒళ్లు రుద్దింది. వేళ్లతో పిల్ల ముక్కు సున్నితంగా పిండింది. పిల్ల తుమ్మింది. చెవుల్లో నీరు పోవడానికి ఒక్కో చెవిలో ఉఫ్ అని ఊదింది.

"నాసిక, కర్ణం రెండూ!" అన్నారు కమిషనర్. "నెల పిల్లకే."

ఒక సభ్యుడు రాసుకున్నాడు. "ఈ పద్ధతి ఎవరు నేర్పారు?" అని అడిగాడు.

"మా అత్త," అంది తవిటమ్మ. "ఆవిడకి ఆవిడ అత్త."

"ఎంత కాలంగా?"

"పిల్లలు పుట్టినకాడి నుండీని."

వీధిలోకి వచ్చేసరికి డైరెక్టరు మొహం ఎర్రబడింది. ఆమె కుళాయి దగ్గర ఆగారు.

"కాసిని మంచినీళ్లు ఇప్పిస్తారా?"

తవిటమ్మ పిల్లను భుజాన వేసుకుని వచ్చి పాత కుళాయి చూపించింది.

"తాగీది అదండి. ఇది ముక్కుకి. బోర్డు సూడండి."

డైరెక్టరు పాత కుళాయి వైపు నడిచారు. తిప్పబోయారు. కమిషనర్ చెయ్యి దానంతట అదే తన ముక్కు మీదికి వెళ్లింది.

"మేడమ్, ఆగండి!"

ఆమె ఆగారు. కమిషనర్ కూడా ఆగిపోయారు. ఆ నీరు తాగకూడదని చెబితే తాను పంపిన నివేదిక ఏమవుతుందో ఆయనకు తెలుసు. ఈ కొత్త కుళాయి నీరు తాగండి అంటే, తాగుట నిషేధమన్న బోర్డు మీద సంతకం తనదే. ఆయన నుదురు తుడుచుకున్నారు.

"నాసాపానం అని ఒక క్రియ ఉంది మేడమ్. ముక్కుతో నీరు లోపలికి తీసుకోవడం. జలనేతికి పై మెట్టు. అది తాగుట కిందికి రాదు."

"నాకు రాదండీ," అన్నారు డైరెక్టరు. "దాహంగా ఉంది."

"రాకపోడానికేటుందమ్మా," అంది తవిటమ్మ. కొమ్ముచెంబు నింపి ఆమె చేతికిచ్చింది. "కొమ్ము ముక్కు కాడికి తీసుకెల్లండి. ఆఁ, అలగే. ఇప్పుడో రెండంగుళాలు కిందకి దించీయండి."

డైరెక్టరు దించారు. చెంబు ఖాళీ అయ్యింది. కమిషనర్ అంతసేపూ కరెంటు తీగ మీద కాకిని చూస్తున్నారు. సభ్యులిద్దరూ అదే పద్ధతిలో చెరో చెంబు తీసుకున్నారు. తరువాత కమిషనర్ కూడా తీసుకున్నారు. చాలా మంచి నీళ్లని ఎవరూ అనలేదు. ముక్కుకు రుచి తెలియదు.

జోగారావు రిజిస్టరు తెరిచాడు.

"ఏ ముక్కండీ మేడమ్?"

డైరెక్టరు కమిషనర్‌ను చూశారు. బోర్డును చూశారు. "కుడి," అన్నారు. సభ్యులు కూడా కుడి అన్నారు. కమిషనర్ రెండూ రాయమన్నారు.

చివరికి లోకనాథం వచ్చాడు. ఆయన రెండు చెంబులు తాగాడు. రుమాలుతో మూతి తుడుచుకున్నాడు. ఆయన ఇంటి తలుపుకు అంటించిన ఆక్రమణ నోటీసు ఇంకా ఊడలేదు.

"ఏ ముక్కు సార్?"

లోకనాథం రాజధాని నుంచి వచ్చిన ముగ్గురు సాక్షులనూ చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఎడమ రాయి," అన్నాడు.